తలా ఒక రూపాయి ధైర్యం

ఈసారి భయం గురించి, డబ్బు గురించి కలిపి ఒక పాఠం చదువుకుందాం. రెండూ మన సిలబస్‌లో లేవు. కానీ నాలుగేళ్ళ ఇంజనీరింగ్‌లో మనతోపాటు రోజూ క్లాసుకి వచ్చేవి ఈ రెండే.

మన వయసులో చాలామందికి రెండు రకాల భయాలు పక్కపక్కనే ఉంటాయి. నలుగురి ముందు నోరు తెరవాలంటే భయం. డబ్బు లెక్క చూసుకోవాలంటే భయం. బ్యాంకు నుంచి మెసేజ్ వస్తే తెరవకుండా పక్కకు తోసేస్తాం. ఎడ్యుకేషన్ లోన్ మీద వడ్డీ ఎంతయిందని ఇంట్లో అడగం, వాళ్ళూ చెప్పరు. "కాస్త ధైర్యం వచ్చాక చూద్దాంలే" అనుకుంటాం. ఇక్కడే అసలు ప్రశ్న ఉంది. ధైర్యం వచ్చాక పని చేస్తామా, పని చేశాక ధైర్యం వస్తుందా?

జవాబు కోసం కోటీశ్వరుల జీవిత చరిత్రలు వెతకక్కర్లేదు. నెల్లూరు జిల్లాలో దూబగుంట అనే పల్లె ఉంది. ముప్పై ఏళ్ళ కిందట అక్కడి ఆడవాళ్ళు ఈ ప్రశ్నకు జవాబు చేసి చూపించారు.

దూబగుంటలో ఏం జరిగింది

1990ల మొదట్లో నెల్లూరు జిల్లాలో సంపూర్ణ అక్షరాస్యత ఉద్యమం జోరుగా సాగింది. పగలంతా కూలికి వెళ్ళొచ్చిన ఆడవాళ్ళు రాత్రి బడిలో పలక పట్టుకునేవారు. వాళ్ళ వాచకంలో "సీతమ్మ కథ" అనే పాఠం ఉండేది. తాగుడు వల్ల చితికిపోయిన ఒక సంసారం కథ అది. చదువుతున్నవాళ్ళకు అందులో తమ ఇల్లే కనపడింది. చర్చ మొదలైంది.

అప్పట్లో సారా అమ్మే హక్కును ప్రభుత్వమే ఏటా వేలం వేసేది. పాట పాడుకున్న కంట్రాక్టర్ల మనుషులు పాకెట్లను ఊరూరికీ చేర్చేవాళ్ళు. కూలి డబ్బులు ఇంటికి చేరకముందే దుకాణానికి చేరేవి. దీనికి ఎదురు తిరగాలంటే ఆ ఆడవాళ్ళు ఎంతమందికి భయపడాలో ఊహించండి. ఇంట్లో మొగుడికి, ఊళ్ళో కంట్రాక్టరు మనుషులకి, అవతల ప్రభుత్వానికి.

వాళ్ళు ఏం చేశారో తర్వాత ఒక అక్షరాస్యతా వాచకంలోనే పాఠంగా వచ్చింది. వందమంది దాకా ఆడవాళ్ళు ఊరి పొలిమేరకు వెళ్ళి, లోపలికి వస్తున్న ఒక కల్లు బండిని ఆపారు. కల్లు పారబోయమన్నారు. నీ నష్టం మేం పూడుస్తాం, తలా ఒక రూపాయి వేసుకుని ఇస్తాం అన్నారు. బండివాడు హడలిపోయాడు. ఆ తర్వాత సారా జీపు వస్తే దాన్నీ చుట్టుముట్టారు, కలెక్టరుకు ఫిర్యాదు చేస్తామన్నారు. ఆ ఊళ్ళో ఆ ఏడు సారా పాటకు ఎవరూ ముందుకు రాలేదు.

ఆ పాఠం చదివిన పక్క ఊళ్ళవాళ్ళు "వాళ్ళు చెయ్యగా లేంది మనం చెయ్యలేమా" అనుకున్నారు. చీపుళ్ళు, కారం పొడి చేతపట్టి దుకాణాల మీదికి వెళ్ళారు. 1992లో జిల్లాలో సారా వేలం పాటలు మళ్ళీ మళ్ళీ వాయిదా పడ్డాయి. దూబగుంట రోశమ్మ పేరు రాష్ట్రమంతా తెలిసింది. 1993 ఏప్రిల్‌లో నెల్లూరు జిల్లాలో, అదే ఏడాది అక్టోబరు 1 నుంచి ఆంధ్రప్రదేశ్ అంతటా సారా నిషేధం వచ్చింది. 1995 జనవరిలో వచ్చిన సంపూర్ణ మద్యనిషేధాన్ని 1997లో సడలించారు గానీ, సారా మీద నిషేధం మాత్రం కొనసాగింది.

బండి దగ్గర ఆగి చూద్దాం

మనం ఇంజనీరింగ్ వాళ్ళం కాబట్టి ఆ కల్లు బండి సంఘటనను విడి భాగాలుగా విప్పి చూడొచ్చు.

మొదటిది, వాళ్ళు ఎంచుకున్న పని సైజు. ప్రభుత్వ విధానం మార్చాలని వాళ్ళు ఆ రోజు బయల్దేరలేదు. ఒక్క బండి ఆపాలి, అంతే. పొద్దున మొదలుపెడితే మధ్యాహ్నానికి తేలిపోయే పని. గెలిచామో ఓడామో వెంటనే తెలిసే పని. కల్లు బండి ఆగాకే సారా జీపు. జీపు ఆగాకే వేలం పాట.

రెండోది, మంది. ఒక్కరే వెళ్తే ఆ సాయంత్రం ఇంట్లో ఏం జరిగేదో మనకు తెలుసు. వందమంది వెళ్తే ఏ ఒక్కరిమీదా పూర్తి బరువు పడలేదు.

మూడోది, నాకు అన్నిటికంటే నచ్చినది, ఆ రూపాయి. భయంలో ఉన్న బలమంతా దానికి హద్దు తెలియకపోవడంలోనే ఉంటుంది. "ఏమవుతుందో ఏమో" అన్నంతసేపూ అది కొండంత. "మహా అయితే బండివాడికి నష్టం. ఆ నష్టం వంద రూపాయలు. మనిషికి ఒక రూపాయి" అని లెక్క కట్టగానే కొండ కాస్తా చిల్లర అయింది. చేతిలో పట్టే సైజుకి వచ్చింది.

రూపాయి అక్కడితో ఆగలేదు

సారా బందయ్యాక ఇంట్లో నాలుగు డబ్బులు మిగలడం మొదలైంది. వాటిని ఏం చెయ్యాలి? 1993లో నెల్లూరు జిల్లాలో "పొదుపు లక్ష్మి" పథకం వచ్చింది. సభ్యురాలు రోజుకి ఒక రూపాయి దాచాలి. పదిహేనుమంది ఉన్న సంఘంలో నెలకు 450 రూపాయలు, ఏడాదికి 5,400. వినడానికి చిన్నదే. కానీ ఆ డబ్బులోంచే ఒకరికి ఆస్పత్రి ఖర్చు, ఇంకొకరికి విత్తనాలు, మరొకరికి పిల్లల ఫీజు అప్పుగా అందాయి. వడ్డీ వ్యాపారి గడప తొక్కకుండా.

1992లోనే నాబార్డ్ దేశవ్యాప్తంగా 500 సంఘాలతో స్వయం సహాయక సంఘాలను బ్యాంకులతో కలిపే ప్రయోగం మొదలుపెట్టింది. ముందు పొదుపు చేసి చూపించండి, తర్వాత ఆస్తి తాకట్టు లేకుండా అప్పిస్తాం అన్నది దాని సారం. తర్వాతి ఏళ్ళలో డ్వాక్రా, వెలుగు, ఇందిరా క్రాంతి పథం అని పేర్లు మారుతూ వచ్చినా కింద ఉన్న పద్ధతి అదే. మన సికింద్రాబాద్ బస్తీల్లో నడిచే మహిళా పొదుపు సంఘాలదీ అదే దారి.

ఈ సంఘాలకు అయిదు సూత్రాలు ఉంటాయి. క్రమం తప్పని సమావేశం, క్రమం తప్పని పొదుపు, లోపల్లోపల అప్పులు ఇచ్చుకోవడం, గడువులోగా తిరిగి చెల్లించడం, పుస్తకాలు ఎప్పటికప్పుడు రాసుకోవడం. ఇందులో "ధైర్యంగా ఉండాలి" అని ఒక్క సూత్రం కూడా లేదు గమనించారా? అన్నీ చేసే పనులే. బ్యాంకు గుమ్మం ఎక్కడానికి జంకినవాళ్ళే ఈ పనులు చేసీ చేసీ మేనేజరు ముందు కుర్చీ లాక్కుని కూచునే స్థితికి వచ్చారు.

భయం లోపల ఏముంది

దీని వెనక శాస్త్రం కూడా ఉంది. 1924లో అమెరికాలో మేరీ కవర్ జోన్స్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, కుందేలంటే హడలిపోయే పీటర్ అనే మూడేళ్ళలోపు పిల్లవాడి మీద చేసిన పనిని ప్రచురించింది. వాడు ఇష్టమైన తిండి తింటున్నప్పుడు కుందేలును దూరంగా పెట్టేవాళ్ళు. కొన్ని రోజుల పాటు కొంచెం కొంచెం దగ్గరికి జరిపారు. చివరికి వాడే కుందేలును ముట్టుకుని ఆడుకున్నాడు. "భయపడకు" అని ఎంత చెప్పినా జరగని పని, కుందేలు అంగుళం అంగుళం దగ్గరికి వస్తే జరిగింది.

దీనికి వ్యతిరేకంగా మనం చేసేది తప్పించుకోవడం. మెసేజ్ తెరవకపోతే ఆ క్షణానికి హాయిగా ఉంటుంది. ఆ హాయే మనకు బహుమతి అయిపోతుంది. దాంతో మరుసటిసారి ఇంకా తొందరగా తప్పించుకుంటాం, భయం ఇంకాస్త ముదురుతుంది. పైగా 1979లో డేనియల్ కానెమన్, ఏమోస్ ట్వెర్‌స్కీ చూపించినట్టు, వంద వస్తే కలిగే సంతోషం కన్నా వంద పోతే కలిగే బాధ మనకు ఎక్కువ. అందుకే డబ్బు విషయంలో కాలు కదపకుండా ఉండటమే క్షేమం అనిపిస్తుంది.

కదలకపోవడానికీ ఖర్చుంది

ఒక ఉదాహరణ లెక్క చేద్దాం. ఏటా మొదట్లో లక్ష చొప్పున నాలుగేళ్ళకు నాలుగు లక్షల ఎడ్యుకేషన్ లోన్. వడ్డీ 10 శాతం, చదువు నడిచే కాలంలో బారువడ్డీ అనుకుందాం. మొదటి ఏడాది వడ్డీ 10,000. రెండో ఏడాది 20,000. మూడో ఏడాది 30,000. నాలుగో ఏడాది 40,000. డిగ్రీ చేతికొచ్చేసరికి లక్ష రూపాయల వడ్డీ. కంతులు మొదలయ్యేలోగా ఇంకో ఏడాది గడిస్తే మరో 40,000. ఆ 1,40,000 సాధారణంగా అసలులో కలుస్తుంది, ఇక వడ్డీకి వడ్డీ.

ఇది తెలిసినవాళ్ళకు దారులున్నాయి. చదువుతుండగానే కొంత వడ్డీ కట్టొచ్చు. మొదటి ఏడాది వడ్డీ నెలకు లెక్కేస్తే 833 రూపాయలు. వడ్డీ రాయితీకి మనం అర్హులమేమో బ్యాంకులో అడగొచ్చు. స్టేట్‌మెంట్ చూడటానికి భయపడినవాళ్ళకు ఈ దారులు ఉన్నాయనే తెలియదు.

ఇంకో లెక్క. రోజుకి 20 రూపాయలు, అంటే దాదాపు రెండు చాయ్‌ల డబ్బు. నెలకు 600. పోస్టాఫీసు రికరింగ్ డిపాజిట్ నెలకు కనీసం 100 రూపాయలతో తెరవొచ్చు, కాలం అయిదేళ్ళు. 6.7 శాతం వడ్డీ చొప్పున చూస్తే, మనం కట్టిన 36,000 అయిదేళ్ళకు సుమారు 42,800 అవుతుంది. దీంతో ఎవరూ ధనవంతులు కారు. కానీ మొదటి ఉద్యోగం రావడం మూడు నెలలు ఆలస్యమైతే, ఎవరి ముందూ చెయ్యి చాచకుండా నిలబడగలిగే డబ్బు అది.

దూకడం వేరు, అడుగెయ్యడం వేరు

"భయపడకు, దూకెయ్" అని ఫోన్‌లో రోజూ ఎవరో ఒకరు చెప్తూనే ఉంటారు. కాబట్టి ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. 2024 సెప్టెంబరులో సెబీ విడుదల చేసిన అధ్యయనం ప్రకారం, 2021-22 నుంచి 2023-24 దాకా మూడు ఆర్థిక సంవత్సరాల్లో ఫ్యూచర్స్ అండ్ ఆప్షన్స్‌లో ట్రేడ్ చేసిన వ్యక్తుల్లో 93 శాతం మంది నష్టపోయారు. అందరి నష్టం కలిపి 1.8 లక్షల కోట్ల రూపాయలకు పైనే. వాళ్ళకు ధైర్యం తక్కువై పోగొట్టుకోలేదు.

దూబగుంట కొలబద్దతో చూస్తే తేడా తెలుస్తుంది. వాళ్ళు ముందే నష్టం ఎంతో లెక్క కట్టారు, మనిషికి రూపాయి. పోతే తట్టుకోగల మొత్తం అది. మనం వేసే అడుగుకి కూడా అదే పరీక్ష పెట్టాలి. ఇది పోతే ఎంత పోతుంది? ఆ అంకె చెప్పలేకపోతే అది అడుగు కాదు, దూకుడు.

లోన్ యాప్‌ల ఉచ్చులో పడ్డవాళ్ళ సంగతి ఇంకా సున్నితం. అక్కడ వ్యాపారమే మన భయంతో జరుగుతుంది. కాంటాక్టులన్నిటికీ మెసేజ్‌లు పెడతాం, ఫోటోలు మార్ఫింగ్ చేస్తాం అని బెదిరిస్తారు. ఎవరికీ చెప్పుకోలేక ఒంటరిగా మిగలడమే వాళ్ళకు కావలసింది. అలాంటి స్థితిలో ఎవరున్నా మొదటి పని ఒక్కరికి చెప్పడం. అక్కకో, రూమ్మేట్‌కో, లెక్చరర్‌కో. రెండో పని ఆ మెసేజ్‌ల స్క్రీన్‌షాట్లు దాచి సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యడం. పొలిమేరలో వందమంది నిలబడ్డారు. ఇక్కడ ఇద్దరైనా చాలు, ఒంటరితనం తెగుతుంది.

ఈ వారం పని

పాఠం అన్నాక అభ్యాసం ఉండాలి కదా. మార్కులు లేవు, వైవా లేదు.

1. మీరు తప్పించుకుంటున్న ఒక్క విషయాన్ని కాగితం మీద రాయండి. "నాకు ఇంటర్వ్యూ అంటే భయం" అని కాదు, "హెచ్‌ఆర్ ఇంగ్లీషులో అడిగితే ఆగిపోతాను" అని రాయండి.

2. దాని పక్కన, జరిగితే పోయేదేమిటో అంకెలో రాయండి. డబ్బయితే రూపాయల్లో, కాలమైతే రోజుల్లో.

3. ఒక్క మధ్యాహ్నంలో అయిపోయే "కల్లు బండి" సైజు పని ఎంచుకోండి. లోన్ స్టేట్‌మెంట్ తెరిచి మొత్తం రాసుకోవడం. ఇద్దరు స్నేహితుల ముందు రెండు నిమిషాలు మాట్లాడటం. పోస్టాఫీసుకి వెళ్ళి ఫారం తెచ్చుకోవడం.

4. అయిదారుగురు కలిసి వారానికోసారి కూచోండి. ఎవరి డబ్బు వాళ్ళ ఖాతాలోనే ఉండనివ్వండి. ఆ వారం ఎవరు ఏం చేశారో ఒక పుస్తకంలో రాసుకుంటే చాలు.

5. ఈసారి ఇంటికి వెళ్ళినప్పుడు, అమ్మో అమ్మమ్మో సంఘంలో ఉంటే వాళ్ళ పాస్‌బుక్ చూపించమనండి. మొదటిసారి బ్యాంకుకి ఎప్పుడు వెళ్ళారో, ఆ రోజు ఎలా అనిపించిందో అడగండి. మోటివేషన్ వీడియోలకు డేటా ఖర్చు చేసే ముందు ఆ కథ వినండి.

దూబగుంట ఆడవాళ్ళకు ఆ ఉదయం భయం లేదని అనుకోవడానికి ఆధారమేమీ లేదు. భయం ఉంది, బండీ వస్తోంది. వాళ్ళు వెళ్ళి అడ్డంగా నిలబడ్డారు. మన బండి ఏదో మనకు తెలుసు. అది ఈ వారంలోనే వస్తుంది కూడా.