ప్రతిభకు పోషణ: కృత్రిమ మేధయు, లోకహితార్థ దానమును

వర్తకుడు అప్పిచ్చుటకు రెండు పద్ధతులు గలవు. సరకు తాకట్టు పెట్టుకొని యిచ్చుట యొకటి. మనిషి పేరును నమ్మి యిచ్చుట మరియొకటి. దానము చేయువారికిని ఈ రెండు దారులే గలవు. సత్రము కట్టించినను, ఆసుపత్రికి ఒక గది వేయించినను దాత స్వయముగా పోయి చూచుకొనవచ్చును. ఖర్చునకు తగిన కట్టడము ఎదుట నిలిచి యుండును. అట్లు గాక, ఒక యువకుని తెలివిని నమ్మి, అతడింకను చేయని పనికి ధనమిచ్చినచో చూచుకొనుటకేమియు నుండదు. పని నెరవేరినదాక అది ఉత్త నమ్మకమే. ఇటీవల కృత్రిమ మేధను లోకోపకారమునకు వినియోగించువారి విషయమున ధనికులు పలువురు ఈ రెండవ దారి ద్రొక్కుచున్నారు. దాతకు సాధారణముగా ఆ విద్య తెలియదు. తెలియని విద్యలో తెలిసినవానిని గుర్తించుట యెట్లు? ఈ దానమందలి కష్టమంతయు ఈ ఒక్క ప్రశ్నలోనే యున్నది.

కృత్రిమ మేధ యను మాట వినగానే ఏదో ఇంద్రజాలమని భ్రమపడ నక్కరలేదు. ప్రత్తి కొట్టులో క్రొత్తగా చేరిన కుర్రవానికి దూదిరకములను ఎవరును సూత్రములు చెప్పి నేర్పరు. మచ్చు తరువాత మచ్చు చేతికిచ్చి, ఇది ఫలానా రకము, ఇది కాదు అని పెద్ద గుమాస్తా చెప్పగా చెప్పగా కొన్నాళ్లకు వాని వ్రేళ్లకే తెలియును. కంప్యూటరునకు గూడ అట్లే లక్షలకొలది మచ్చులు చూపి, వానియందలి పోలికను అదియే పట్టుకొనునట్లు చేయుదురు. మచ్చులును, తగిన యంత్రమును దొరికినచో, పెద్ద ప్రయోగశాల లేకయే ఒక విద్యార్థి తన గదిలో కూర్చుండి పండితులకు లొంగని ప్రశ్నను పరిష్కరింప గలుగుచున్నాడు. అట్టివాడు ఏ యూరిలో నున్నాడో ఎవరికిని ముందుగా తెలియదు.

ఇందుకు చక్కని యుదాహరణము ఇటలీ దేశపు ప్రాచీన గ్రంథముల చరిత్రలో దొరకును. క్రీ. శ. 79లో వెసూవియస్ అను అగ్నిపర్వతము బ్రద్దలై, సముద్రతీరమందలి హెర్క్యులేనియం పట్టణమును కప్పివేసెను. ఆ యూరిలో ఒక ధనికుని విశాలమైన భవనమున గ్రంథాలయ మొకటి యుండెను. అందలి గ్రంథములు పపైరస్ అను నీటిమొక్కనుండి చేసిన పొడుగాటి పత్రములపై వ్రాసి, చుట్టలుగా చుట్టినవి. ఆ వేడికి అవి బూడిద కాక, బొగ్గుగా మారి నేలక్రింద నిలిచిపోయినవి. 1750 ప్రాంతమున జరిగిన త్రవ్వకములలో వందలకొలదిగా బయల్పడినవి. విప్పబోయిన చుట్ట చేతిలోనే ముక్కలగుచుండుటచే చాల చుట్టలను విప్పక అట్లే భద్రపరచిరి. పెళుసెక్కిన తాటియాకుల కట్టను ఎన్నడైన విప్పి చూచినవారు ఈ కష్టమును సులభముగా గ్రహింతురు.

అమెరికాలోని కెంటకీ విశ్వవిద్యాలయమున బ్రెంట్ సీల్స్ అను కంప్యూటరు శాస్త్రాచార్యుడు రెండు దశాబ్దములుగా ఈ సమస్యను పట్టుకొని యుండెను. చుట్టను తాకకయే, ఎక్స్‌రే కిరణములతో లోపలి పొరలన్నిటిని చిత్రించి, ఆ పొరలను కంప్యూటరులో విప్పుట ఆతని పద్ధతి. ఇశ్రాయేలులోని ఏన్‌గెడీలో దొరికిన కాలిన హీబ్రూ చుట్ట నొకదానిని ఈ రీతిగా ఆతడు చదివించెను కూడ. హెర్క్యులేనియం చుట్టలతో మరియొక చిక్కు వచ్చినది. వాని సిరా మసితో చేసినది. పత్రమును కాలి బొగ్గయినది. బొగ్గుమీది బొగ్గు ఎక్స్‌రేలో వేరుగా కనబడదు. సిరా యున్నచోట పొరలో ఏదో సూక్ష్మభేద ముండవలెను. దానిని కనిపెట్టుటకు కన్నులు చాలవు, చేతులును చాలవు.

2023 మార్చిలో నాట్ ఫ్రీడ్‌మన్, డేనియల్ గ్రాస్ అను ఇరువురు కంప్యూటరు వ్యాపారపు ధనికులు సీల్స్‌తో కలిసి ఒక పోటీని ప్రకటించిరి. ఫ్రీడ్‌మన్ అంతకుముందు గిట్‌హబ్ అను సంస్థకు అధిపతిగా నుండినవాడు. చుట్టల చిత్రములను అందరికిని అందుబాటులో నుంచిరి. ఒక్కొక్కటి 140 అక్షరములు గల నాలుగు భాగములను, అందు నూటికి 85 అక్షరములైనను స్పష్టపడునట్లు, ఆ సంవత్సరాంతములోగా చదివి చూపినవారికి 7 లక్షల డాలర్లు బహుమానము.

ధనము పెద్దదే గాని, మెచ్చదగినది ఆ ధనము నమర్చిన తీరు. పెద్ద బహుమాన మొక్కటే పెట్టియుండినచో ఎవరు కనుగొన్న కిటుకును వారు మూట గట్టుకొని దాచుకొనియుందురు. అందుచే మార్గమధ్యమున చిన్న చిన్న బహుమానముల నేర్పరచిరి. వానిని పుచ్చుకొన్నవాడు తన పద్ధతిని, తాను వ్రాసిన ప్రోగ్రామును అందరికిని వెల్లడింపవలెను. ఒకని అడుగు అందరికిని మెట్టయ్యెను. కేసీ హ్యాండ్‌మర్ అను నతడు ఆ చిత్రములను గంటల తరబడి వట్టి కంటితోనే చూచి, కొన్నిచోట్ల ఎండిన బురదలో వలె సన్నని పగుళ్లు కలవనియు, అవి అక్షరముల ఆకారమున నున్నవనియు గుర్తించి ప్రకటించెను. నెబ్రాస్కాలో చదువుకొనుచున్న 21 ఏండ్ల విద్యార్థి ల్యూక్ ఫారిటర్ ఆ పగుళ్లనే మచ్చులుగా చూపి తన యంత్రమునకు నేర్పెను. యంత్రము మరికొన్ని చోట్ల పగుళ్లను చూపెను. వానిని మరల మచ్చులలో చేర్చెను. ఆ యేడు అక్టోబరులో రెండువేల యేండ్లుగా ఎవరును చూడని ఒక మాట బయటపడినది. అది ఊదారంగును తెలుపు గ్రీకు మాట. ఫారిటర్‌కు 40 వేల డాలర్లు లభించినవి. బెర్లిన్‌లో చదువుచున్న ఈజిప్టు దేశీయుడు యూసెఫ్ నాదర్ వేరొక పద్ధతిలో అదే మాటను మరింత స్పష్టముగా చూపి 10 వేలు పొందెను.

తరువాత వీరిరువురును, స్విట్జర్లాండునుండి జూలియన్ షిల్లిగర్ అను మూడవ విద్యార్థియు ఒక జట్టుగా కూడిరి. 2024 ఫిబ్రవరి 5న పెద్ద బహుమానము వారికి ప్రకటింపబడెను. అడిగిన నాలుగు భాగములకు మారుగా 2000కు మించిన అక్షరములను వారు చదివించిరి. సంగీతము, భోజనము మొదలగువానివలన కలుగు సుఖమును గూర్చి ఒక తత్త్వవేత్త చేసిన విచారణ యది. అరుదుగా దొరకు వస్తువు విరివిగా దొరకు వస్తువుకంటె ఎక్కువ సుఖము నిచ్చునా యను ప్రశ్న అందు గలదు. ధరల హెచ్చుతగ్గులతో దినమెల్ల గడుపువారికి ఆ ప్రశ్న క్రొత్త కాదు! 2025లో ఆక్స్‌ఫర్డున నున్న వేరొక చుట్టనుండి గ్రంథకర్త పేరును, గ్రంథము పేరును కూడ దొరికినవి. ఫిలోడెమస్ వ్రాసిన ఆ గ్రంథము దుర్గుణములను గూర్చినది. అందుకును 60 వేల డాలర్ల బహుమానము చెల్లినది.

ఇచట ఒక సందేహము కలుగవచ్చును. యంత్రము లేని అక్షరములను కల్పించి చూపలేదనుటకు నిదర్శనమేమి? పోటీ నిర్వాహకులు ఈ విషయమున మిక్కిలి జాగ్రత్త వహించిరి. యంత్రమునకు చిన్న చిన్న ముక్కలను మాత్రమే చూపి, ఇచట సిరా కలదా లేదా యని యడిగిరి. గ్రీకు భాషగాని, అక్షరముల ఆకారముగాని దానికి నేర్పలేదు. వచ్చిన ఫలితమును ప్రాచీన లిపి పండితులకు అప్పగించిరి. ధనమిచ్చినవాడు వేరు, పని చేసినవాడు వేరు, తూచి చూచినవాడు వేరు. తక్కెడ మూడవవాని చేతిలో నుండుట మంచి వర్తకపు రీతి.

ఈ ముగ్గురు విద్యార్థులను ముందుగా ఏ దానసంఘమైన ఎంచియుండునా? ప్రాచీన గ్రీకు పండితులు కారు, పేరుపొందిన ఆచార్యులు కారు, మూడు దేశములవారు. దాత తనకు తెలియని మనిషిని తాను వెదకకయే, ఆ మనిషి తనంతట తాను బయటపడునట్లు చేయుట బహుమాన పద్ధతిలోని గొప్పతనము. లోపమును చిన్నది కాదు. సరకు చేరిన తరువాతనే వెల చెల్లించు బేరమిది. నెలల తరబడి రాత్రింబవళ్లు శ్రమించి ఓడినవానికి ఏమియు మిగులదు. ఇంటిభారము నెత్తిన గల యువకుడు అట్టి పందెమునకు దిగలేడు. బహుమానములవలన తెలివిగలవారిలో తీరిక గలవారు మాత్రమే దొరకుదురు.

తీరిక లేనివారికై మరియొక పద్ధతి గలదు: కొద్ది సొమ్మును, త్వరగా, మనిషి పేరున ఇచ్చుట. అమెరికాలో జార్జి మేసన్ విశ్వవిద్యాలయపు అర్థశాస్త్రవేత్త టైలర్ కోవెన్ 2018లో ఎమర్జెంట్ వెంచర్స్ అను నిధిని ఈ రీతిగా ప్రారంభించెను. భారతదేశపు యువకులకై అందు ప్రత్యేకమైన శాఖ గలదు. 2020 ఏప్రిల్‌లో కరోనా ప్రబలినపుడు ఆతడు ప్యాట్రిక్ కాలిసన్ అను వర్తకునితోను, మరికొందరితోను కలిసి శాస్త్రజ్ఞులకు త్వరిత సహాయనిధిని నెలకొల్పెను. అరగంటలోపల నింపదగిన దరఖాస్తు. 48 గంటలలో నిర్ణయము. అది కృత్రిమ మేధకై పెట్టినది కాదు గాని, దానివలన తెలిసిన ఒక సంగతి ఎల్ల దాతలకును పనికివచ్చును. సహాయము పొందిన శాస్త్రజ్ఞులను తరువాత ప్రశ్నింపగా, తమ డబ్బును ఇష్టానుసారము వాడుకొను స్వేచ్ఛ యుండినచో తమ పరిశోధనను చాలవరకు మార్చుకొందుమని నూటికి 78 మంది చెప్పిరి. అనగా ఉత్తమమని తాము తలచిన పనిని గాక, ధనమిచ్చువాడు మెచ్చు పనినే వారు చేయుచుండిరన్నమాట.

త్వరగా ఇచ్చు దానమున కొంత సొమ్ము వ్యర్థమగుట తప్పదు. ఏ దుకాణపు చిట్టాలో రాని బాకీలు లేవు? రాని బాకీ ఒక్కటియు లేని వర్తకుడు అసలు అప్పే ఇచ్చియుండడు. అయినను వర్తకుడు తన నష్టమును లెక్క వ్రాసుకొనును. దాతలు మాత్రము నెరవేరిన పనులకు సన్మానసభలు జరిపి, నెరవేరని వానిని మరచిపోవుదురు. తప్పిన పనుల లెక్కను గూడ ప్రకటించినచో తరువాతి దాతకు మేలు కలుగును.

దాత యెవరను విషయమును గూడ పరికింపవలసి యున్నది. గూగుల్ సంస్థకు పూర్వాధిపతి యగు ఎరిక్ ష్మిట్, ఆయన భార్య వెండీ ష్మిట్ 2022లో ఐదేండ్లకు 12 కోట్ల 50 లక్షల డాలర్లతో ఏఐ 2050 అను కార్యక్రమమును ప్రకటించిరి. 2050 నాటికి కృత్రిమ మేధవలన లోకమునకు గొప్ప మేలు జరిగినదని తలచినచో, ఆలోగా ఏయే సమస్యలను పరిష్కరించియుందుమని పరిశోధకులను ప్రశ్నించుట అందలి విశేషము. ప్రశ్న మంచిది. అయితే కంప్యూటరు వ్యాపారమున గడించినవారే ఆ విద్యను పోషించునపుడు, పోషణవలన వచ్చిన ఫలము ఎవరి గోదామునకు చేరుచున్నదని అడుగుట అపచారము కాదు. ఫలితము అందరికిని ఉచితముగా దొరకుచున్నదా? ఈ ప్రశ్నకు అవునను సమాధానము రానిచో, దానిని పెట్టుబడి యనుటయే న్యాయము.

ఆ ప్రశ్నకు నిలిచినది మన దేశమున నొకటి గలదు. 2022 జులైలో మద్రాసు ఐఐటీలో ఏఐ4భారత్ అను పరిశోధక బృందమునకు నందన్ నీలేకని, రోహిణి నీలేకని దంపతులు 36 కోట్ల రూపాయలు ఇచ్చిరి. రాజ్యాంగపు అష్టమ షెడ్యూలులోని 22 భాషలలో అనువాదము చేయు యంత్రమును ఆ బృందము 2023లో వెలువరించి, ఎవరైనను వాడుకొనునట్లు వదలిపెట్టెను. హిందీకైతే వ్యాపారసంస్థలే ముందుకు వచ్చును. బోడో, సంతాలీ మాట్లాడువారికై సొమ్ము వెచ్చించిన కంపెనీకి లాభము కనబడదు. లాభము కనబడనిచోటనే దాత కవసరము. ఇచట బహుమానమును గాని, త్వరిత సహాయమును గాని పనికిరావు. భాషకు భాషగా మచ్చులు సేకరింపవలెను. ఏండ్ల తరబడి జీతములు చెల్లింపవలెను.

అట్టి దీర్ఘపోషణ మన వర్తకులకు తెలియనిది కాదు. మూడబిదిరెలో తాళపత్రములపై నిలిచియుండిన ధవళ గ్రంథమును హీరాలాల్ జైన్ పండితుడు 1939 మొదలుకొని సంపుటముల వారీగా అమరావతినుండి ప్రకటించుటకు ఆధారము విదిశ శేఠ్ లక్ష్మీచంద్ర పెట్టిన నిధి. ఆ పని పూర్తియగుటకు చాల యేండ్లు పట్టెను.

మద్రాసు బృందము 2024లో ప్రకటించిన మాటల భాండారమున 145 జిల్లాలకు చెందిన 16,237 మంది కంఠములు, 7,348 గంటల సంభాషణ చేరియుండెను. అందు అప్పటికి వినినది వినినట్లు వ్రాతలో పెట్టినది 1,639 గంటలు మాత్రమే. రికార్డు చేయుటకంటె వ్రాతలో పెట్టుట కష్టమని దీనివలన తేటపడుచున్నది. బళ్లారిలో, హోసూరులో, బరంపురములో ఇంట మాట్లాడు తెలుగు విజయవాడ తెలుగు కాదు. కన్నడము, తమిళము, ఒడియా అందులో కలిసి యున్నవి. ఈ యూళ్ల పిల్లలలో తెలుగు మాటాడుచు, తెలుగు లిపి చదువనివారు పెక్కుమంది గలరు. వ్రాతకంటె మాటను పట్టు యంత్రములే వారికి ఉపయోగపడును. ఆ యంత్రమునకు ఈ యూళ్ల పలుకుబడి తెలియవలెనన్నచో ముసలమ్మల మాటలను రికార్డు చేయువారును, వానిని విని తప్పులేకుండ వ్రాయువారును కావలెను. పట్టభద్రురాలగు ఒక యువతికి రెండేండ్ల జీతము, ఒక రికార్డు యంత్రము, ఊరూర తిరుగుటకు బస్సు ఖర్చు: ఆ పనికి ప్రారంభమున కావలసిన ధన మింతే. అట్టి యువతి ఏ యూరిలో నున్నదో, ఆ యూరి పెద్దలను అడిగి తెలిసికొనవలెను.