పాతబడిన సైనిక విమానం: పూచీ ఎవరిది?

చిరకాలంగా చెడకుండా పనిచేసిన వస్తువు ఇక ముందు కూడా అలాగే పనిచేస్తుందని భావించటం మానవ సహజం. గోడ గడియారం విషయంలో ఈ నమ్మకం వల్ల పెద్ద నష్టం లేదు. మనుషులను మోసే విమానం విషయంలో మాత్రం ఇది ప్రాణాంతకం కాగలదు. విమానం క్షేమంగా ఎగరటానికి తగిన స్థితిలో ఉండటమే గగనయోగ్యత. దానికి పూచీ ఎవరిది? ఈ ప్రశ్నకు బ్రిటిష్ వైమానిక దళం చాలా పెద్ద మూల్యం చెల్లించవలసి వచ్చింది.

2006 సెప్టెంబరు 2న ఎక్స్‌వి 230 అనే నిమ్రాడ్ నిఘా విమానం ఆఫ్ఘనిస్తాన్‌లో కాందహార్ సమీపాన, గాలిలోనే ఇంధనం నింపుకొన్న కొద్ది నిమిషాలకు మంటలు చెలరేగి పేలిపోయింది. అందులోని 14 మందీ మరణించారు. దానిని కూల్చింది శత్రువు కాదు. 1969లో సేవలో చేరిన ఆ విమానపు నిర్మాణంలోనే ప్రమాదం పొంచి ఉన్నది.

ఇంజన్ల వేడిగాలిని తీసుకుపోయే గొట్టాన్ని మొదటి నుండీ ఇంధనపు తొట్టి పక్కన ఇరుకు చోటులో అమర్చారు. 1979 నాటి మార్పులలో మరొక వేడి గొట్టం చేరింది. 1982లో ఫాక్లాండ్స్ యుద్ధం కోసం గాలిలో ఇంధనం నింపే ఏర్పాటు వచ్చింది. ప్రతి మార్పూ ఆనాటి అవసరానికి సమంజసంగానే తోచింది. కాని అన్నీ కలిసినప్పుడు, కారే ఇంధనమూ దానిని మండించే వేడీ ఒకే చోట చేరాయి. 2004లో మరొక నిమ్రాడ్‌లో వేడిగాలి గొట్టం పగిలింది. ఆ హెచ్చరిక కూడా వ్యర్థమైంది.

ఇక కాగితాల సంగతి. ఈ విమానాల భద్రతను నిరూపించే పత్రాన్ని 2004 నాటికి సిద్ధం చేశారు. న్యాయవాది చార్లెస్ హాడన్-కేవ్ 2009 అక్టోబరులో వెలువరించిన నివేదిక దానిని తీవ్రంగా విమర్శించింది. ప్రమాదావకాశాలలో సుమారు 40 శాతం పరిష్కారం కాకుండా, మరో 30 శాతం వర్గీకరణే జరగకుండా మిగిలిపోయినవి. తయారుచేసిన సంస్థ, స్వతంత్ర సలహాదారు, రక్షణశాఖ అధికారులు ఒకరి మీద ఒకరు భారం వేసి ఊరుకున్నారు. ఇన్నేళ్లు ఎగిరింది కనుక విమానం క్షేమమే అన్న ఊహ పరీక్షకు బదులుగా నిలిచింది. మూడు సంతకాలు ఉన్నవి. మూడు పరిశీలనలు లేవు.

ఆ నివేదిక ఫలితంగా 2010లో బ్రిటన్‌లో సైనిక విమానయాన ప్రాధికార సంస్థ ఏర్పడింది. భద్రతా బాధ్యత ఫలానా అధికారిదే అని వ్యక్తిని నిర్దేశించే పద్ధతి వచ్చింది. పేలిపోయిన విమానం రకానికి చెందిన నిమ్రాడ్ విమానాలు కూడా అదే ఏడాది సేవ నుండి తప్పుకున్నాయి.

విమానం పాతబడటం నేరం కాదు. మన దేశంలో మిగ్-21 కూడా 1963 నుండి 2025 వరకు సేవ చేసింది. కాని వయస్సు పెరిగేకొద్దీ పరీక్ష కూడా పెరగాలి. మార్పు జరిగిన ప్రతిసారీ మొత్తం నిర్మాణాన్ని మళ్ళీ చూడాలి. పదిమందికి పంచిన పూచీ చివరకు ఎవరిదీ కాకుండా పోతుంది.

విద్యార్థులారా! మీలో రేపు ఇంజనీర్లు, అధికారులు, గుమాస్తాలు కాబోయేవారు ఉన్నారు. ఉర్దూలో ‘అమానత్’ అనే చక్కని మాట ఉన్నది; నమ్మి మన చేతిలో పెట్టినది అని దాని అర్థం. సంతకం కూడా అటువంటిదే. దాని కింద ఎవరో ఒకరి ప్రాణం ఉంటుంది. చదవనిదే, చూడనిదే, అడగనిదే సంతకం చేయకండి.