ల్యాప్‌టాప్‌కు బయటి తెర: అంగుళములెన్ని, చుక్కలెన్ని?

గ్రాఫు కాగితముపై గళ్ళు నింపి జాకార్డు నమూనా గీయుట మన పెద్దలకు తెలిసిన విద్యయే. ఇప్పుడు ఆ గళ్ళు కంప్యూటరు తెరమీదికి వచ్చినవి. చదువుకొన్న కొడుకో కూతురో ల్యాప్‌టాప్ ముందు కూర్చుండి అంచు, కొంగు, బుటా నింపుచున్న ఇండ్లు ఇప్పుడున్నవి. అయితే ల్యాప్‌టాప్ తెర చిన్నది. నమూనా అంతయు చూడబోయిన గళ్ళు కానరావు. గళ్ళు పెద్దవి చేసిన నమూనా సగము తెర దాటిపోవును. అందుచే బయటి తెర, అనగా మానిటరు, ఒకటి కొని తగిలించుకొనవలెనను ఆలోచన పుట్టును. అది ఎన్ని అంగుళములది కావలెను, దాని రిజల్యూషన్ ఎంత ఉండవలెను అన్నదే ఈ పాఠము.

సిరొంచ తాలూకా వారికి ఈ లెక్క మరింత అవసరము. జిల్లా కేంద్రమైన గడ్చిరోలికి పోవలెనన్న ఆలపల్లి మీదుగా రెండు వందల కిలోమీటర్ల దారి. గోదావరి వంతెన దాటి కాళేశ్వరము, మహదేవపురము మీదుగా తెలంగాణ పట్టణములకు పోయినను దగ్గర కాదు. అంత దూరమునుండి బస్సులో గాజుతెరను ఒడిలో పెట్టుకొని తెచ్చినవారు, పనికి రాలేదని మరునాడు తిరిగి కొట్టుకు మోసికొని పోగలరా? తెరమీద కంటికి ఆనని తప్పు గడి ఒకటి ఉన్నచో, అది అట్టలు గుద్దించి, పడుగు మగ్గమెక్కించి, నాలుగు వేళ్ళ గుడ్డ నేసిన తరువాత బయటపడును. అప్పటి నష్టము మానిటరు ధరలో తేడాకంటె తక్కువది కాదు.

ముందుగా రెండు మాటలు వేరుచేసి చూడవలెను. కొట్టువాడు చెప్పు అంగుళములు తెరయొక్క మూలనుండి ఎదుటి మూలకు కొలత. అడ్డపు పన్నా కాదు. 24 అంగుళముల తెర అడ్డము సుమారు 20.9 అంగుళములు, 27 అంగుళములది 23.5 అంగుళములు మాత్రమే. ఇక రిజల్యూషన్ అనగా ఆ తెరలో అడ్డముగా ఎన్ని చుక్కలు, నిలువుగా ఎన్ని చుక్కలు అను లెక్క. ఈ చుక్కనే పిక్సెల్ అందురు. ఫుల్ హెచ్‌డి తెరలో అడ్డము 1920, నిలువు 1080. క్యూహెచ్‌డిలో 2560, 1440. ఫోర్‌కేలో 3840, 2160.

నేతవానికి ఇది కొత్త సంగతి కాదు. గుడ్డ పన్నా వేరు, అందులోని పోగుల లెక్క వేరు. మన పాత లెక్కలో 120 పోగులు ఒక పుంజము. అదే పన్నాలో పుంజములు పెరిగినకొలది గుడ్డ చిక్కనగును. తెరయు అంతే. 1920 చుక్కలను 24 అంగుళముల తెరలో పరచినచో అంగుళమునకు 92 చుక్కలు వచ్చును. ఆ 1920 చుక్కలనే 27 అంగుళముల తెరలో పరచినచో 82కు దిగును. పన్నా పెరిగినది, పోగులు పెరుగలేదు; పలుచని గుడ్డ అయినది. ఇంటిలోని 32 అంగుళముల టీవీని ల్యాప్‌టాప్‌కు తగిలించి పని జరుపుకొందమనువారు కలరు. ఆ పరిమాణపు టీవీలు అనేకము 1366 చుక్కలవే. అంగుళమునకు 49 మాత్రమే పడును. అక్షరములు పెద్దవై మొద్దుగా కనబడును గాని, చిన్న ల్యాప్‌టాప్‌లో పట్టినదానికంటె ఒక్క గడియైన అదనముగా పట్టదు.

ఇప్పుడు అసలు లెక్క. నమూనాలో ఒక గడి స్పష్టముగా కనబడుటకు దానికి కనీసము 5 చుక్కలు కావలెను. ఒకటి గీతకు పోగా నాలుగు రంగుకు మిగులును. చేయి చాచినంత దూరమున కూర్చున్న మనిషి అలసట లేకుండ గళ్ళు లెక్కించుటకు గడి ఒకటిన్నర మిల్లీమీటరుకు దగ్గరగా ఉండుట మంచిది. గడిలో ఎన్ని చుక్కలు అన్నది రిజల్యూషన్ తేల్చును. గడి కంటికి ఎంత పెద్దదన్నది అంగుళములు తేల్చును. ఈ రెంటిని కలిపి చూడనివారే మోసపోవుదురు.

మీ జాకార్డు 240 హుక్కులదనుకొనుడు. 1366 చుక్కల ల్యాప్‌టాప్‌లో గడికి 5 చుక్కలు వేసిన 1200 పట్టును. పనిముట్ల పట్టీకి 166 మాత్రమే మిగులును. 15.6 అంగుళముల ల్యాప్‌టాప్ అయినచో ఆ గడి మిల్లీమీటరున్నరకు లోపే. పని సాగును గాని కన్ను లాగును. 24 అంగుళముల ఫుల్ హెచ్‌డి తెరలో గడికి 7 చుక్కలు వేసిన 1680. పట్టీకి 240 మిగులును. గడి రెండు మిల్లీమీటర్లకు దగ్గరగా వచ్చును. ఇంతకంటె పెద్ద తెర 240 హుక్కుల వారికి అవసరము లేదని నా అభిప్రాయము.

400 హుక్కులైనచో కథ మారును. ఫుల్ హెచ్‌డిలో గడికి 4 చుక్కలే వచ్చును. 5 వేసిన 2000 అగును, తెర దాటును. క్యూహెచ్‌డిలో 6 వేసిన 2400. ఇంకను 160 మిగులును. 27 అంగుళముల క్యూహెచ్‌డి తెరలో ఆ గడి 1.4 మిల్లీమీటర్లు. చత్వారము వచ్చినవారు గీయుచున్నచో అవే చుక్కలుగల 32 అంగుళముల తెర తీసికొనవచ్చును, గడి 1.6 దాటును.

మరి ఫోర్‌కే? 27 అంగుళములలో ఫోర్‌కే తెర తెచ్చి గడికి 9 చుక్కలు వేసినచో 400 గళ్ళకు 3600 పట్టును. అయితే ఆ గడి కొలత మరల 1.4 మిల్లీమీటర్లే! తెర పన్నా మారనిదే గడి పెరుగదు. అక్షరములు మరీ చిన్నవై, వాటిని నూటికి నూట యాభై పెంచుకొనవలసి వచ్చును. ఫొటోల పని చేయువారికి ఆ తెర వన్నె తెచ్చునేమో, గళ్ళు నింపువారికి ఆ సొమ్ముతో నూలు కొనుట మేలు.

ఏ తెర తెచ్చినను దాని సొంత రిజల్యూషన్‌లోనే నడపవలెను. 2560 చుక్కల తెరను, అక్షరములు చిన్నవని 1920లో పెట్టినచో, ఒక చుక్క ఒకటింబావు చుక్కలకు పైగా సాగును. కొన్ని గీతలు లావు, కొన్ని సన్నము అగును. పండ్లు వంకరపోయిన పన్నె వలె గళ్ళు కనబడును, లెక్క తప్పును. అక్షరములు పెంచుకొను ఏర్పాటు వేరుగా ఉన్నది, దానిని వాడవలెను.

ఇంకొక చిక్కు గుడ్డవలన వచ్చునది. తెరమీది చుక్క చతురము; గుడ్డలో పడుగు పేకలు కలిసిన చోటు ఎల్లప్పుడు చతురము కాదు. అంగుళమునకు పడుగు 80, పేక 60 ఉన్నవనుకొందము. అంగుళము వెడల్పు బుటాకు అడ్డము 80 గళ్ళు, నిలువు 60 గళ్ళు. చతురపు గళ్ళలో అది అణిగిన బుటాగా కనబడును, నేసిన తరువాత గుండ్రమగును. తెరమీద గుండ్రముగా గీసినచో గుడ్డలో నిలువుగా సాగును. నమూనాల ప్రోగ్రాములలో ఈ నిష్పత్తి చెప్పుకొను చోటు ఉండును. ఎంత ఖరీదైన తెరయైనను ఈ పని తనంతట చేయదు.

1804లో ఫ్రాన్సులో జాకార్డు తన యంత్రమునకు రంధ్రముల అట్టలు కట్టినాడు. ఇంగ్లండులో చార్లెస్ బాబేజి తాను తలపెట్టిన లెక్కల యంత్రమునకు ఆ అట్టల ఉపాయమునే తీసికొన్నాడు. కంప్యూటరు మన మగ్గపు ఇంటినుండి ఎంతో కొంత అప్పు తెచ్చుకొన్నదే. దాని ముందు బెరుకు అక్కరలేదు.

కొట్టుకు పోవునప్పుడు ల్యాప్‌టాప్‌ను, నమూనా ఫైలును వెంట తీసికొనిపొండు. ల్యాప్‌టాప్ ఎన్ని చుక్కలు బయటికి పంపగలదో ముందే తెలిసికొనుడు. హెచ్‌డిఎంఐ 1.4 రకము ఫోర్‌కే తెరకు సెకనుకు 30 మార్లే బొమ్మను పంపును, బాణము తడబడును. 2.0 రకమైన 60 మార్లు. యుఎస్‌బి-సి రంధ్రము ఉన్నంత మాత్రమున బొమ్మ వచ్చునని నమ్మరాదు. కొన్ని ఛార్జికి, ఫైళ్ళకు మాత్రమే. ఐపిఎస్ రకపు తెరనే అడుగుడు. పక్కనుండి చూచినను రంగు అంతగా మారదు, ఇద్దరు కలిసి చూచుకొనవచ్చును. అయినను టసరు సహజపు వన్నెను ఏ తెరయు ఉన్నదున్నట్లు చూపదు. రంగు తేల్చుకొనుటకు చిలప తీసి పగటి వెలుగులో చూడవలసినదే. తెరను నిలువుగా తిప్పుకొను కాలు ఉన్నచో కొంగు పనికి చాల అనుకూలము: 1080 చుక్కల అడ్డములో 240 హుక్కులు గడికి 4 చొప్పున పట్టును, నిలువున 480 పేక పోగులు ఒక్కసారిగా కనబడును. గళ్ళు చిన్నవే గాని కొంగు వరుస ఎట్లు వచ్చినదో చూచుటకు చాలును. చివరగా తెరను ఒకమారు పూర్తిగా తెలుపు, ఒకమారు పూర్తిగా నలుపు చేయించి, చచ్చిన చుక్క ఏదైన ఉన్నదేమో అంచులదాక చూచి, రసీదుపై రిజల్యూషన్ అంకెలు వ్రాయించుకొని మరీ డబ్బు చెల్లించుడు.