ధవళేశ్వరపు కాలువగట్టు

కోఠి చెంతనున్న మూసీనే యెఱిగిన బాలురకు ధవళేశ్వరమున గోదావరి సముద్రమువలె తోచును. రాజమహేంద్రవరమునకు చేరువనున్న ఈ యూరిలో నొక దినము కాలువగట్టున నడచినచో గొప్ప చరిత్ర తెలియును.

1833లో తెలుగుసీమను ఘోరమైన కఱవు పీడించెను. చెంతనే జీవనది పాఱుచున్నను గోదావరి మండలమున ప్రజలు అన్నమునకు అలమటించిరి. ఆర్థర్ కాటన్ దొర 1847లో ఆనకట్ట పని నారంభించి, 1852లో ముగించెను. వీణం వీరన్న యతనికి తోడ్పడెను.

కాలువలు పొలములను తడుపుటయేగాక పడవలకు దారులయ్యెను. పడవలు ఎగువదిగువలు దాటుటకు లాకులు కట్టబడెను. ధాన్యపు పడవలను మనుష్యులు గట్టుపై నడచుచు త్రాళ్లతో లాగెడివారు. రైళ్లు, లారీలు వచ్చిన పిమ్మట ఆ బ్రదుకుతెరువు క్రమముగా నశించెను.

నేడు గట్టు నిశ్శబ్దముగ నున్నది. నీరు మాత్రము పొలములకు పోవుచునే యున్నది. అన్నము తినునపుడు కాటనునేగాక, రాళ్లు మోసిన కూలీలను, త్రాళ్లు లాగిన పడవవారినిగూడ మనము తలచుకొనవలెను.