చప్పుడు చెయ్యని టీవీ కంప్యూటరు



ఈసారి గోడపత్రికలో టీవీకి తగిలించుకునే చిన్న కంప్యూటరు గురించి తెలుసుకుందాం. పట్నంల దీన్ని హోం థియేటర్ కంప్యూటర్ అంటరు. పాఠమైనా, పాటైనా, సినిమా అయినా పెద్ద తెర మీద చూపిస్తది. దీనికి రెండు గుణాలు కావాలె. ధర తక్కువ ఉండాలె, చప్పుడు తక్కువ ఉండాలె. చప్పుడు లేనిది కావాలంటే పైసలు ఎక్కువైతయి అని చాలామంది అనుకుంటరు. అట్ల కాదు, రెండిటికీ దారి ఒక్కటే. అదెట్లనో చూద్దాం.

1. మనకు ఎందుకు?

2020లో కరోనా వచ్చి బడులు మూసినప్పుడు, సెప్టెంబరు 1 నుంచి మన రాష్ట్రంలో పాఠాలు దూరదర్శన్ యాదగిరిలో, టీ-శాట్‌లో వచ్చినయి. ఇప్పుడు బడి తెరిచే ఉన్నా తెర మీద పాఠం మాత్రం పోలేదు. సారు పెన్‌డ్రైవ్‌లో తెస్తరు, లేకుంటే యూట్యూబ్‌లో పెడ్తరు.

మేం ఇంట్ల లంబాడీ మాట్లాడతం. తెలుగు నాకు బడిలనే వచ్చింది. మా ఇంట్ల చదువుకున్నది నేనే మొదలు. ఒక మాట తెలిసినోళ్లకు అది సగమే వినపడినా మిగతా సగం మనసు నింపుకుంటది. కొత్త మాటను అట్ల నింపుకోలేం. కంప్యూటరు ఫ్యాను 'హుష్' అని మోగుతుంటే ముందుగా మింగేది స, శ, ష, హ అనే అక్షరాలనే, ఎందుకంటే అవీ గాలి చప్పుళ్లే. 'శోషణం' అన్నరా, 'పోషణం' అన్నరా తెల్వకపోతే ఇంటికి పోయి ఎవరిని అడగాలె? అందుకే చప్పుడు సంగతి మనకు షోకు కాదు, చదువు సంగతి.

ఇంకొకటి. మన తాండల ఇండ్లకు హాలు అని వేరే ఉండదు. ముందర గదే హాలు, అదే పడుకునే గది. మా మర్రిగూడ దిక్కు ఫ్లోరైడు నీళ్లు తాగి నడుము వంగిన ముసలోళ్లు ఉన్నరు. వాళ్ల మంచం ఆ గదిలనే ఉంటది. రాత్రి టీవీ ఆపినంక కూడా పెట్టె మోగితే వాళ్లకు నిద్ర పట్టదు.

2. చప్పుడు ఎక్కడి నుంచి వస్తది?

కంప్యూటరు తీసుకున్న కరెంటు దాదాపు అంతా చివరికి వేడి అయితది. ఆ వేడిని బయటికి తోలడానికి ఫ్యాను. వాట్లు ఎక్కువైతే వేడి ఎక్కువ, వేడి ఎక్కువైతే ఫ్యాను జోరు ఎక్కువ, జోరు ఎక్కువైతే చప్పుడు ఎక్కువ. కాబట్టి చప్పుడు తగ్గించాలంటే మొదలు వాట్లు తగ్గించాలె. వాట్లు తగ్గితే కరెంటు బిల్లు కూడా తగ్గుతది. ఒకే దారి అన్నది ఇందుకే.

లెక్క చూడండి. పాత పెద్ద కంప్యూటరు 60 వాట్లు తీసుకుంటది అనుకుందాం. దినం 3 గంటలు, 30 దినాలు నడిపితే 60 × 3 × 30 = 5400 వాట్-గంటలు, అంటే 5.4 యూనిట్లు. 15 వాట్ల చిన్నదైతే 1.35 యూనిట్లే.

ధ్వనిని డెసిబెల్‌లలో కొలుస్తరు. గుసగుస సుమారు 30, మామూలు మాట సుమారు 60. 10 డెసిబెల్‌లు పెరిగితే ధ్వని శక్తి 10 రెట్లు అయితది, మన చెవికి సుమారు రెండింతలు వినపడతది. ఫ్యాను వేగం సగం చేస్తే చప్పుడు సుమారు 15 డెసిబెల్‌లు పడిపోతది. కానీ గాలి కూడా సగమే వస్తది. అందుకే చిన్న ఫ్యాను జోరుగా తిరిగేదానికన్నా పెద్ద ఫ్యాను మెల్లగ తిరిగేది మేలు.

రెండో దొంగ హార్డ్ డిస్కు. దాంట్ల పళ్లెం నిమిషానికి 7200 సార్లు తిరుగుతది. 60తో భాగిస్తే సెకనుకు 120. అంటే 120 హెర్ట్‌జ్‌ల హోరు. దాన్ని ఇనుప బీరువ మీద పెడితే బీరువ అంతా నగారా లెక్క మోగుతది. ఎస్.ఎస్.డి. అనే కొత్త రకం డిస్కులో తిరిగేది ఏదీ లేదు, దాని చప్పుడు సున్న.

3. వీడియో అంటే ఎంత పని?

పూర్తి హెచ్‌డీ తెర మీద 1920 × 1080 చుక్కలు, అంటే 20,73,600. ఒక్కో చుక్క రంగుకు 3 బైట్లు, సెకనుకు 25 బొమ్మలు. గుణిస్తే సెకనుకు సుమారు 155 మెగాబైట్లు. ఇంత డిస్కులో పట్టదు. అందుకని మూట గట్టినట్టు కుదిస్తరు. సెకనుకు 5 మెగాబిట్లకు కుదిస్తే అది సుమారు 250వ వంతు. అప్పుడు గంట పాఠం 2.25 గిగాబైట్లు అయితది. 256 గిగాబైట్ల డిస్కులో దాదాపు 100 గంటల పాఠాలు పడతయి.

ఈ మూట కట్టే పద్ధతులకు పేర్లు ఉన్నయి. 2003లో వచ్చినది హెచ్.264, 2013లో వచ్చినది హెచ్.265, 2018లో వచ్చినది ఏవీ1. మూట విప్పే పని కంప్యూటరు రెండు తీర్ల చేస్తది. ఒకటి, ప్రాసెసర్ మొత్తం కూసొని విప్పుడు. ఇది వడ్లు రోట్లో దంచినట్టు. చెమట పడతది, అంటే వేడెక్కుతది, ఫ్యాను అరుస్తది. రెండోది, ఆ పని కోసమే చిప్పులో ఒక మూలకు పెట్టిన భాగంతో విప్పుడు. ఇది గిర్నికి పంపినట్టు. కొన్ని వాట్లతోనే అయిపోతది. కాబట్టి కొనేముందు అడగాల్సింది 'ఎంత స్పీడు' అని కాదు, 'ఏ ఏ మూటలు గిర్నిల విప్పుతది' అని.

4. ఏమి కొనాలె?

(అ) ముందుగా ఉన్నది వాడుకోవాలె. తెర పగిలిన ల్యాప్‌టాప్ ఇంట్లనో బడిలనో ఉంటే పారెయ్యొద్దు. హెచ్‌డీఎంఐ తీగతో టీవీకి తగిలిస్తే అదే టీవీ కంప్యూటరు. ఇంతకన్నా అగ్గువది లేదు.

(ఆ) ఆఫీసులు వాడి అమ్మేసిన బుడ్డ కంప్యూటర్లు. లెనోవో టైనీ, డెల్ మైక్రో, హెచ్‌పీ మినీ అని ఉంటయి. పెద్ద పుస్తకమంత ఉంటయి. వీటికి ల్యాప్‌టాప్ లాంటి అడాప్టర్ బయట ఉంటది, దాంట్ల ఫ్యాను లేదు. ప్రాసెసర్ పేరు చివర 'టి' ఉన్నది తక్కువ వాట్లది, 35 వాట్ల రకం. ఇంటెల్ 7వ తరం లేదా ఆ తర్వాతది అయితే హెచ్.265 మంచిగ విప్పుతది. ఏవీ1 విప్పాలంటే 11వ తరం కావాలె. 7వ తరానికి విండోస్ 11 అధికారికంగా రాదు, విండోస్ 10 కాపుదల 2025 అక్టోబరు 14తో అయిపోయింది. దాన్ని చూపి బేరం చెయ్యొచ్చు. మనకు లినక్స్ చాలు.

(ఇ) రాస్ప్‌బెర్రీ పై. అరచేతి అంత పలక. మొదటిది 2012లో వచ్చింది. పై-4 హెచ్.264, హెచ్.265 రెండూ గిర్నిల విప్పుతది. మందపాటి అల్యూమినియం డబ్బాలో బిగిస్తే ఫ్యాను లేకుండ నడుస్తది. డబ్బా, అడాప్టరు, మెమొరీ కార్డు విడిగా కొనాలె, ఆ ఖర్చు కూడా కలుపుకోండి.

ధర దుకాణానికి ఒక తీరు ఉంటది కాబట్టి రూపాయలు రాయలేదు. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్ ఉంది, కంప్యూటర్ల బజారు అది. నాలుగు దుకాణాలు తిరిగి అడగాలె. కొనేముందు అక్కడనే వీడియో పెట్టించి, పెట్టె దగ్గర చెవి పెట్టి వినాలె.

గ్రాఫిక్స్ కార్డు, సీడీ డ్రైవు, రంగు లైట్ల డబ్బా మనకు అక్కర లేదు. ఆ పైసలతో 8 గిగాబైట్ల మెమొరీ, ఎస్.ఎస్.డి., రెండు మంచి స్పీకర్లు తీసుకోండి. టీవీ స్పీకర్లు చాలావాటికి వెనకకో కిందికో ఉంటయి, మాట గోడకు పోతది.

5. ఎక్కడ పెట్టాలె?

టీవీ దిక్కే పెట్టాలె, వెనక వరుసల దిక్కు పెట్టొద్దు. సారు గొంతు వెనకకు వచ్చేసరికి సన్నబడతది, అక్కడ పెట్టె మోగితే ఇంకేం వినపడదు. ఖాళీ జాగాల దూరం రెండింతలైతే ధ్వని 6 డెసిబెల్‌లు తగ్గుతది. గదిలో గోడలు తిప్పి కొడతయి కనుక అంత తగ్గదు గాని, కొంత తగ్గుతది. కింద పాత సైకిల్ ట్యూబు ముక్కలు నాలుగు పెట్టండి. అదురు బల్లకు ఎక్కదు. తలుపు మూసిన అల్మారాల పెట్టొద్దు, వేడి బయటికి పోదు.

ఒక మాట గుర్తుంచుకోవాలె. నెత్తి మీద సీలింగ్ ఫ్యాను తిరుగుతుంటే కంప్యూటరు సన్న చప్పుడు దాంట్ల కలిసిపోతది. పూర్తి నిశ్శబ్దం కోసం ఎక్కువ పైసలు పెట్టే అవసరం లేదు. మాటను మింగకుంటే చాలు.

6. ఎండ, దుమ్ము, కరెంటు

మా దిక్కు ఎండాకాలం 42, 43 డిగ్రీలు అయితది. ఉత్త గాలితో చల్లారే కంప్యూటరు గది కన్నా చల్లగ కాదు. గది 42 ఉంటే, అది ఇంకో 30 ఎక్కితే 72. పర్వాలేదు. పై-4 మాత్రం 80 దాటితే తనంతట తనే మెల్లగ అయితది, వీడియో ఆగి ఆగి వస్తది. అందుకే డబ్బా మందంగ ఉండాలె.

పత్తి, కంది ఇంటికి వచ్చే దినాలల్ల దుమ్ము బాగా పడతది. దుమ్ము రేకుల మధ్య పేరుకుంటే ఫ్యాను జోరు పెంచుతది. నెలకొకసారి ప్లగ్గు తీసి, మెత్తటి బ్రష్షుతో తుడవాలె. పాత పెద్ద కంప్యూటరులోని పవర్ సప్లై డబ్బాను ఎన్నడూ విప్పొద్దు, ప్లగ్గు తీసినా లోపల షాకు కొట్టే కరెంటు నిలిచి ఉంటది.

7. లోపల నడిపేది

లినక్స్, కోడి, వీఎల్‌సీ ఈ మూడూ ఉచితం. కోడికి ముందు పేరు ఎక్స్‌బీఎంసీ, 2014లో పేరు మారింది. డిస్కులో ఉన్న పాఠాలను అట్టబొమ్మలతో వరుసగా చూపిస్తది, టీవీ రిమోట్ లాంటి రిమోటుతో నడుస్తది. వీఎల్‌సీ కథ మనకు నచ్చుతది. 1996లో ఫ్రాన్స్‌లో ఒక కాలేజీ పిల్లలు తమ క్యాంపస్ నెట్‌వర్క్‌లో టీవీ చూసుకోవడానికి మొదలుపెట్టిన పని అది. 2001 నుంచి అందరికీ ఉచితమైంది. అక్కడే ఉండి చదువుకునే పిల్లలు చేసిన పని ఇయ్యాల దునియా అంతా వాడుతున్నది.

ఆలోచించి జవాబులు రాయండి

1. 35 వాట్ల కంప్యూటరు దినం 2 గంటలు నడిస్తే నెలకు ఎన్ని యూనిట్లు?
2. నిమిషానికి 5400 సార్లు తిరిగే డిస్కు హోరు ఎన్ని హెర్ట్‌జ్‌లు?
3. పాఠం నడుస్తుండగా ఒక చెల్లె వెనక వరుసల కూసొని పది కొత్త మాటలు రాయాలె, ఒక అక్క ముందు వరుసల రాయాలె. రెండు కాగితాలు పక్కపక్కన పెట్టి చూడండి. ఏ అక్షరాలు పోయినయి?

మూడో దానికి జవాబు కాగితాలు ఈ గోడపత్రిక కింద అంటించండి. వాటిని చూసి మన హాలుల పెట్టె ఎక్కడ పెట్టాల్నో మనమే సైన్సు సారుకు చెప్పొచ్చు.

— 9వ తరగతి విద్యార్థిని, మర్రిగూడ