కందిలో తిత్తి నులిపురుగు – పంట మార్పిడి

వానలు బాగుగా కురిసి, ఎరువు వేసినను కంది చేనులో అక్కడక్కడ మొక్కలు గిడసబారి, ఆకులు చిన్నవై నిలిచిపోవుట రైతులు చూచియుందురు. నేలలో బలము చాలలేదని మరల ఎరువు వేయుదురు. అంతకుముందు వేరు చూడవలెను.

గుర్తించుట ఎట్లు?

విత్తిన నెల లేక నలుబది దినములకు మొక్కను పెరకక, పారతో మట్టితో కూడ త్రవ్వి, వేళ్లను నీటిలో మెల్లగా కడుగవలెను. గసగసాల గింజకన్న చిన్నవైన తెల్లని ముత్యముల వంటివి వేళ్లకు అంటియున్నచో అవి ఆడ నులిపురుగులు. నత్రజనిని కూర్చు వేరు బుడిపెలు ఇంతకన్న పెద్దవి. కోసినచో లోపల ఎర్రగా నుండును. ఇవి మేలు చేయునవి.

ఆడపురుగు చచ్చిన పిమ్మట దాని చర్మమే గట్టిపడి గోధుమరంగు తిత్తి యగును. అందలి గ్రుడ్లు పైరు లేకున్నను నేలలో నిలిచియుండును. వెచ్చని నేలలో రెండు మూడు వారములకే ఒక తరము పూర్తియగును. ఎండు తెగులున్న చేనులో ఈ పురుగు తోడైనచో, తెగులుకు లొంగు రకములకు నష్టము హెచ్చును.

1967లో మన దేశమునందే దీనికి హెటిరోడెరా కజాని అని శాస్త్రీయ నామమిడిరి. హైదరాబాదు చెంత పటాన్‌చెరులోని ఇక్రిశాట్ సంస్థ దీనిపై పరిశోధనలు జరిపినది.

నివారణ

1. కంది తరువాత మినుము, పెసర, అలసంద, నువ్వు వేసి పంట మార్చితిమని తలపరాదు. ఇవన్నియు ఈ పురుగు పెరుగు పైరులే. పంట మారినది గాని పురుగుకు భోజనము మారలేదు. జొన్న, సజ్జ, కుసుమ వంటివి వేసినచో దానికి ఆహారము దొరకక సంఖ్య తగ్గును.

2. వేసవిలో లోతుగా దున్ని మట్టిని ఎండకు తిరుగవేయవలెను. చిన్న మడియైనచో నేలను తడిపి, పారదర్శకమైన పాలిథీన్ పట్టాను నాలుగు నుండి ఆరు వారములు కప్పి, అంచులు మట్టితో మూయవలెను.

3. పురుగున్న భాగమును చివర దున్ని, నాగలి, గొర్రు, గుంటకలకు అంటిన మట్టిని అక్కడనే గీకివేయవలెను. తిత్తులు మట్టితోను, పారు నీటితోను పొరుగు చేనికి పోవును.

4. తానుగా మొలచిన కంది మొక్కలను పెరికివేయవలెను.

అనుమానమున్నచో, చచ్చిన మొక్క వద్ద గాక, గిడసబారిన భాగపు అంచున వేళ్లతో కూడ తడి మట్టిని తీసి, సంచిలో కట్టి, నీడన ఉంచి, కృషి విజ్ఞాన కేంద్రమునకు పంపవలెను. గ్రామములోని వ్యవసాయ విస్తరణాధికారులు ఇందుకు తోడ్పడవలెను. ఒక్క యేడు పంట మార్చినంత మాత్రమున తిత్తులు పూర్తిగ నశింపవు. రాబోవు కందికి నష్టము కలుగనంతగ వాని సంఖ్యను తగ్గించుటయే మన పని.