రాజులు తొమ్మిదిమంది, రాజ్యాంగం ఒకటి

చకర్‌భాటా,
బిలాస్‌పూర్ జిల్లా.

చి. మనవరాలికి,

సమాఖ్య రాజరికంలో రెండు ఏర్పాట్లు కలిసి ఉంటాయి. దేశాధినేతగా రాజు ఉండడం మొదటిది. పాలనాధికారాన్ని కేంద్రానికీ రాష్ట్రాలకూ రాజ్యాంగమే పంచిపెట్టడం రెండోది. ఈ రెండూ కలిసే తీరు అన్నిచోట్లా ఒకలా ఉండదు. కెనడా, ఆస్ట్రేలియా, బెల్జియంలలో సింహాసనం ఒక్కటే. దాని కింద రాష్ట్రాలు లేదా ప్రాంతాలు ఉంటాయి. మలేషియాలో, యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్‌లో అలా కాదు. అక్కడ ఎవరి సింహాసనం వారికున్న పాలకులు కలిసి ఒక సమాఖ్యగా ఏర్పడ్డారు. రాజు, రాష్ట్రం, పార్లమెంటు, ఈ మూడింటి మధ్య అధికారం ఎలా నడుస్తుందో తెలియాలంటే రెండో రకాన్నే చూడాలి.

భారతదేశం కూడా ఒకప్పుడు ఈ దారిలో కొంతదూరం నడిచింది. 1935 భారత ప్రభుత్వ చట్టం బ్రిటిష్ రాష్ట్రాలనూ సంస్థానాలనూ ఒకే సమాఖ్యలో చేర్చాలనుకుంది. సంస్థానాధీశులు చేరిక పత్రాలపై సంతకాలు చేయాలి. చేరినవారి ప్రజల సంఖ్య మొత్తం సంస్థానాల జనాభాలో సగమైనా ఉండాలి. ఎగువ సభలో సంస్థానాలకు కేటాయించిన స్థానాల్లో కనీసం సగం వారివి కావాలి. ఈ షరతులు ఎన్నడూ నెరవేరలేదు. 1939లో యుద్ధం రావడంతో ఆ ప్రయత్నం ఆగిపోయింది. 1947 ఆగస్టు 15 నుంచి 1950 జనవరి 26 వరకు మాత్రం భారతదేశం ఆరో జార్జి రాజుగా ఉన్న డొమీనియన్. పాలన ఎన్నికైన మంత్రివర్గానిదే, గవర్నర్ జనరల్ ఆ మంత్రుల సలహాపైనే నడుచుకున్నారు.

ఆ కాలపు ఆనవాళ్లు ఛత్తీస్‌గఢ్ రైలు దారిలోనే కనిపిస్తాయి. బిలాస్‌పూర్ బ్రిటిష్ వారి సెంట్రల్ ప్రావిన్సెస్‌లో జిల్లా. అక్కడ హౌరా వైపు రైలెక్కితే చాంపా దాటాక వచ్చే సక్తి, ఆ తర్వాతి రాయగఢ్ సొంత రాజులున్న సంస్థానాలు. 1947 డిసెంబరులో సర్దార్ పటేల్ నాగ్‌పూర్ వచ్చి ఈ ప్రాంతపు రాజులతో మాట్లాడారు. ఛత్తీస్‌గఢ్‌లోని 14 సంస్థానాలు 1948 జనవరి 1న సెంట్రల్ ప్రావిన్సెస్‌లో కలిశాయి. పెద్ద సంస్థానాల విషయంలో ఇంకో పద్ధతి నడిచింది. హైదరాబాద్ నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ 1950 నుంచి 1956 వరకు ఆ రాష్ట్రానికి రాజప్రముఖ్. గవర్నర్ చేసే పనే ఆయన చేశారు, అధికారం మాత్రం మంత్రివర్గానిది. 1956లో రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణతో రాజప్రముఖ్ పదవి పోయింది. 1971లో 26వ రాజ్యాంగ సవరణ మాజీ రాజులకు ఇచ్చే రాజభరణాలను రద్దుచేసింది. భారత సమాఖ్య నిలిచింది, రాజులు పోయారు.

నేటి మలేషియాకు పూర్వరూపమైన మలయాలో రాజులూ నిలిచారు, సమాఖ్యా నిలిచింది. 19వ శతాబ్దం చివరి నుంచి తెలుగు జిల్లాల కూలీలు తోటపనికి వలసవెళ్లిన దేశం అది. పెరాక్ రాష్ట్రంలోని బాగాన్ దతో ప్రాంతపు కొబ్బరితోటల్లో తెలుగువారు ఊళ్లుగా స్థిరపడ్డారు. 1981లో రెండో ప్రపంచ తెలుగు మహాసభలు జరిగింది కౌలాలంపూర్‌లోనే. 1946లో బ్రిటిష్ వారు సుల్తానుల అధికారాలను దాదాపు తీసేసి మలయన్ యూనియన్ అనే ఏకకేంద్ర ప్రభుత్వాన్ని పెడితే మలయ్ ప్రజలు తిరగబడ్డారు. దాంతో 1948 ఫిబ్రవరి 1న మలయా సమాఖ్య ఏర్పడింది. స్వతంత్ర దేశానికి రాజ్యాంగం రాయడానికి లార్డ్ రీడ్ అధ్యక్షతన ఒక కమిషన్ వేశారు. అలహాబాద్ హైకోర్టు మాజీ ప్రధాన న్యాయమూర్తి బి. మాలిక్ అందులో సభ్యుడు. అధికారాల జాబితాలు మొదలుకొని చాలా అంశాల్లో భారత రాజ్యాంగపు ఛాయలు అందుకే కనిపిస్తాయి. 1957 ఆగస్టు 31న స్వాతంత్ర్యం వచ్చింది. 1963 సెప్టెంబరు 16న సబా, సరవాక్, సింగపూర్ చేరికతో మలేషియా ఏర్పడింది. 1965 ఆగస్టు 9న సింగపూర్ విడిపోయింది. ఇప్పుడున్నవి 13 రాష్ట్రాలు, 3 సమాఖ్య భూభాగాలు.

ఆ 13 రాష్ట్రాల్లో తొమ్మిదింటికి వంశపారంపర్య పాలకులున్నారు. కెడా, పెరాక్, సెలంగోర్, జొహోర్, కెలంతాన్, తెరెంగాను, పహాంగ్ పాలకులు సుల్తానులు. పెర్లిస్ పాలకుడిది రాజా బిరుదు. నెగెరి సెంబిలాన్ పాలకుడిని నలుగురు నాయకులు రాజవంశం నుంచి ఎన్నుకుంటారు. పెనాంగ్, మలక్కా, సబా, సరవాక్‌లకు రాజవంశం లేదు, అక్కడ దేశాధినేత నియమించే గవర్నర్లుంటారు.

దేశాధినేతను యాంగ్ డి-పెర్తువాన్ అగోంగ్ అంటారు. ఆయన పదవీకాలం 5 ఏళ్లు. ఎన్నుకునేది పాలకుల సభ. గవర్నర్లు కూడా ఈ సభకు వస్తారు గానీ, ఎన్నిక రోజున తొమ్మిదిమంది పాలకులదే ఓటు. ఓటింగ్ రహస్యం, గెలవడానికి కనీసం 5 ఓట్లు రావాలి. ఫలితం తేలగానే ఓటు పత్రాలను నాశనం చేస్తారు. తొమ్మిది రాజ్యాల వరస ఒకటి ఆనవాయితీగా నడుస్తోంది కాబట్టి తర్వాత ఎవరి వంతో దాదాపు ముందే తెలుస్తుంది. 1957లో మొదటి వంతు నెగెరి సెంబిలాన్‌ది. 2024 జనవరి 31న జొహోర్ సుల్తాన్ ఇబ్రహీం 17వ అగోంగ్ అయ్యారు. పదవిలో ఉన్నన్నాళ్లూ సొంత రాష్ట్ర పాలన ఆయన చేతిలో ఉండదు, ప్రతినిధి ఒకరు చూస్తారు. రాష్ట్రంలో ఇస్లాం మతాధిపత్యం మాత్రం ఆయనదే. పాలకుల సభ తలచుకుంటే అగోంగ్‌ను తొలగించగలదు కూడా. 2019 జనవరిలో కెలంతాన్ సుల్తాన్ ఐదో ముహమ్మద్ గడువు తీరకముందే రాజీనామా చేశారు. అలా దిగిపోయిన మొదటి అగోంగ్ ఆయనే.

పార్లమెంటుకు రెండు సభలు. దేవాన్ రక్యాత్‌లో 222 మంది ఉంటారు. అందరూ ప్రజలు నేరుగా ఎన్నుకున్నవారే. దేవాన్ నెగారలో 70 మంది. రాష్ట్ర శాసనసభలు ఇద్దరిద్దరి చొప్పున 26 మందిని పంపుతాయి, మిగతా 44 మందిని అగోంగ్ నియమిస్తారు. రాష్ట్రాల ప్రతినిధి సభలో రాష్ట్రాలు పంపినవారే తక్కువ కావడం ఈ సమాఖ్య కేంద్రం వైపు మొగ్గిందనడానికి మొదటి గుర్తు.

అగోంగ్ దాదాపు ప్రతి పనీ మంత్రివర్గ సలహాపైనే చేయాలని రాజ్యాంగం 40వ అధికరణం చెబుతుంది. సొంత విచక్షణకు వదిలిపెట్టినవి కొద్దే. ప్రధానమంత్రిని నియమించడం, పార్లమెంటు రద్దుకు అంగీకరించకపోవడం వాటిలో ముఖ్యమైనవి. ఎన్నికల్లో ఒక పక్షానికి స్పష్టమైన మెజారిటీ వస్తే మొదటిది లాంఛనమే. 2022 నవంబరు 19 ఎన్నికల్లో అలా రాలేదు. కావలసినవి 112 స్థానాలు. 82కు మించి ఏ కూటమికీ దక్కలేదు. అప్పటి అగోంగ్, పహాంగ్ సుల్తాన్ అబ్దుల్లా, పార్టీల నాయకులను రాజభవనానికి పిలిపించి, కలిసి ప్రభుత్వం ఏర్పాటు చేయమని సూచించారు. నవంబరు 24న పాలకుల ప్రత్యేక సమావేశం జరిగింది. అదేరోజు 82 స్థానాల కూటమి నాయకుడు అన్వర్ ఇబ్రహీం ప్రధానిగా ప్రమాణం చేశారు. డిసెంబరు 19న సభలో విశ్వాస తీర్మానం నెగ్గింది. ప్రధానిని రాజు ఎంచుకున్నా, ఆ ఎంపికను ఖాయం చేసింది ప్రజలు ఎన్నుకున్న సభే.

రాష్ట్రంలోనూ ఇదే అమరిక. పాలకుడు లేదా గవర్నర్, ఒకే సభ ఉన్న శాసనసభ, దానికి జవాబుదారీగా ఉండే కార్యవర్గం. రాజులున్న రాష్ట్రాల్లో ముఖ్యమంత్రిని మెంతెరి బెసార్ అంటారు. 2009లో పెరాక్‌లో ఈ అమరికకు పెద్ద పరీక్ష ఎదురైంది. 59 స్థానాల శాసనసభలో ముగ్గురు సభ్యులు అధికార కూటమిని వదలడంతో బలాబలాలు 28, 28, 3గా మారాయి. ఆ ముగ్గురూ ప్రతిపక్ష కూటమి బారిసాన్ నేషనల్ వైపు నిలిచారు. మెంతెరి బెసార్ నిజార్ జమాలుద్దీన్ సభను రద్దుచేయమని కోరారు. సుల్తాన్ అజ్లాన్ షా ఒప్పుకోలేదు. సభ్యుల మద్దతు ఎటుందో తానే తేల్చుకుని ఫిబ్రవరి 6న ఆ కూటమికి చెందిన జాంబ్రి అబ్దుల్ కాదిర్ చేత మెంతెరి బెసార్‌గా ప్రమాణం చేయించారు. ఆ సుల్తాను గతంలో దేశ అత్యున్నత న్యాయస్థానానికి అధిపతిగా పనిచేసినవారు. సభలో ఓటింగ్ జరగకుండా విశ్వాసం పోయిందని ఎలా తేలుస్తారన్నది వివాదం. హైకోర్టు నిజార్ పక్షాన తీర్పు చెప్పింది, అప్పీలు కోర్టు దాన్ని తిప్పేసింది. మెజారిటీ పోయిందని సభ బయటి ఆధారాలతోనూ తేల్చవచ్చని 2010 ఫిబ్రవరిలో ఫెడరల్ కోర్టు తీర్పునిచ్చింది. భారత సుప్రీంకోర్టు 1994లో ఎస్.ఆర్. బొమ్మై కేసులో దీనికి భిన్నంగా, బలపరీక్ష సభలోనే జరగాలని చెప్పింది. ఒకే బ్రిటిష్ సంప్రదాయం నుంచి వచ్చిన రెండు దేశాలు ఇక్కడ విడిపోయాయి. ఫిరాయింపులకు మలేషియా 2022లో రాజ్యాంగ సవరణతో అడ్డుకట్ట వేసింది. భారతదేశం ఆ పని 1985లో పదో షెడ్యూలుతో చేసింది.

అధికారాల పంపకం రాజ్యాంగం 9వ షెడ్యూలులో ఉంది. కేంద్ర జాబితా, రాష్ట్ర జాబితా, ఉమ్మడి జాబితా అని మూడు. రక్షణ, విదేశాంగం, పోలీసు, చదువు, వైద్యం, పౌరసత్వం కేంద్రానివి. భూమి, అడవులు, స్థానిక పాలన, ముస్లింలకు వర్తించే మత చట్టం రాష్ట్రాలవి. బాగాన్ దతో తెలుగు కుటుంబం బతుకు ఈ జాబితాల మధ్యే నడుస్తుంది. ఇంటి స్థలానికీ గుడి స్థలానికీ పట్టా కావాలంటే పెరాక్ రాష్ట్ర భూమి కార్యాలయానికి వెళ్లాలి. పిల్లల బడి, ప్రభుత్వ ఆసుపత్రి, పోలీస్ స్టేషన్, పాస్‌పోర్టు కేంద్రం చూసుకుంటుంది. వీధిదీపం వెలగకపోతే రాష్ట్ర ప్రభుత్వం నియమించిన స్థానిక మండలికి చెప్పుకోవాలి. స్థానిక ఎన్నికలు 1965లో నిలిచిపోయాయి, మళ్లీ జరగలేదు. అదే కుటుంబంలో ఎవరైనా ఉద్యోగానికి సరవాక్ వెళ్లాలంటే సొంత దేశంలోనే పర్మిట్ తీసుకోవాలి. సబా, సరవాక్ 1963లో చేరినప్పుడు, తమ గడ్డపైకి ఎవరు రావాలో తేల్చే హక్కు తమకే ఉండాలని షరతు పెట్టాయి. న్యాయస్థానాలు మాత్రం కేంద్రానివే. చకర్‌భాటా పక్కన బోద్రిలో ఛత్తీస్‌గఢ్‌కు సొంత హైకోర్టు ఉన్నట్టు అక్కడ రాష్ట్రానికొకటి ఉండదు. మలయా ద్వీపకల్పానికి ఒకటి, సబా, సరవాక్‌లకు కలిపి ఒకటి, అంతే. రాష్ట్రాల చేతిలో ఉన్నవి షరియా కోర్టులు.

అసలు బలం డబ్బు దగ్గర తెలుస్తుంది. ఆదాయపు పన్ను, కస్టమ్స్, ఎక్సైజ్ ప్రధానంగా కేంద్రానికే వెళతాయి. భూమి, గనులు, అడవుల మీద వచ్చేదే రాష్ట్రాల సొంత రాబడిలో ముఖ్యం. తలసరి గ్రాంటు, రోడ్ల గ్రాంటు కేంద్రం నుంచి రావాలి. 1974 చట్టం పెట్రోలియంను కేంద్ర సంస్థ పెట్రోనాస్ చేతిలో పెట్టింది, రాష్ట్రాలకు దక్కేది 5 శాతం రాయల్టీ. సింహాసనం రాష్ట్రంలో ఉన్నా, ఖజానా తాళం కేంద్రం దగ్గరే ఉంది.

రాజులకు కళ్లెం, రాజులకు రక్షణ రెండూ రాజ్యాంగమే ఇచ్చింది. మహతీర్ మొహమ్మద్ ప్రభుత్వం 1993లో చేసిన సవరణ పాలకుల వ్యక్తిగత చట్టరక్షణను తొలగించి, వారిపై వచ్చే కేసులకు ప్రత్యేక న్యాయస్థానం పెట్టింది. 1994 సవరణ ప్రకారం బిల్లుకు అగోంగ్ 30 రోజుల్లో సమ్మతి ఇవ్వకపోయినా అది చట్టమవుతుంది. మరోవైపు, పాలకుల హోదాను, హక్కులను తాకే చట్టాన్ని పాలకుల సభ ఒప్పుకోనిదే పార్లమెంటు చేయలేదు. ఆ సభకు అసలైన పట్టు ఇక్కడే.

వేలమంది తెలుగువారు పనిచేసే దుబాయి ఉన్న యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్‌తో పోలిస్తే మలేషియా స్వభావం ఇంకా తేటపడుతుంది. 1971 డిసెంబరు 2న ఏర్పడిన ఆ దేశంలో ఏడుగురు పాలకుల సుప్రీం కౌన్సిలే అత్యున్నత అధికార సంస్థ. ముఖ్య నిర్ణయాలకు 5 ఓట్లు కావాలి, వాటిలో అబుదాబి, దుబాయి రెండూ తప్పనిసరిగా ఉండాలి. 40 మంది సభ్యుల జాతీయ మండలి పని సలహా ఇవ్వడమే. రాజకీయ పార్టీలు లేవు. రెండు దేశాల్లోనూ పాలకులే దేశాధినేతను ఎన్నుకుంటారు. మలేషియాలో అలా ఎన్నికైన రాజు ప్రజాప్రతినిధుల మాట వినాలి. ఎమిరేట్స్‌లో పాలకులు ఒకరితో ఒకరు కుదుర్చుకున్నదే పాలన.

కాబట్టి ఏ సమాఖ్య రాజరికాన్ని చదివినా మూడు విషయాలు ముందు చూడాలి. రాజు ఎవరి సలహాకు కట్టుబడాలి? భూమి, పోలీసు, చదువు ఏ జాబితాలో ఉన్నాయి? పన్ను ఎవరు వసూలు చేస్తున్నారు? కిరీటం గురించి చదవడం ఆ తర్వాత.

ఆశీస్సులతో,
తాతయ్య